కచ్చా సాక్ష్యం

బ్యాగు అడుగున రెండు లుంగీలు పరిచాను. వాటి మీద బనియన్లు, తువ్వాలు, సబ్బు డబ్బా, స్టీలు గ్లాసు, ఒక పక్కగా బైబిలు. ఎమ్మారై ఫిల్ములున్న పెద్ద కవరు ఎటు తిప్పినా పట్టలేదు. మడవొద్దని డాక్టరు చెప్పాడు కనుక దాన్ని చేతిలో పట్టుకునే పోవాలి. బ్యాగు మా ఆయన కుట్టిందే. బయట పాత షామియానా గుడ్డ, లోపల కోట్లకు వేసే నున్నటి లైనింగు.

మా ఆయన ఏలీయా మెదక్‌లో టైలరు. పెద్ద చర్చికి పోయే దారి పక్క సందులో దుకాణం, దాని వెనకే మా ఇల్లు.

"ఒక్క దినం పనికి గిన్ని బట్టలేంది?" అన్నాడు గడప మీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటూ. "పరీక్షకు పంపుతున్నవా, కాపురానికి పంపుతున్నవా?"

"ఉండుమంటే ఉండాలె గద. బస్సులు గూడ లేవు. మళ్ళ ఎవరు తెచ్చిస్తరు?"

"అయితే కుట్టు మిషన్ గూడ పెట్టు."

అది 2011 అక్టోబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు. బడులు మూసి ఉన్నాయి, ఆఫీసుల ముందు టెంట్లు వెలిశాయి. ఆర్టీసీ డ్రైవరు నగేష్ కూడా సమ్మెలోనే ఉన్నాడు. వాడి ఖాకీ బట్టలు మా ఆయనే కుడతాడు. ఆ చనువుతో తన బావమరిది టవేరా కారు అడిగి తెచ్చి, సందు మొదట్లో నిలిపి, మా కోసం చూస్తున్నాడు.

సర్దిన బ్యాగంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. మా అమ్మ నన్ను అల్లాదుర్గ్ నుంచి తెచ్చి క్రైస్తవ మిషన్ వాళ్ళ బోర్డింగు బడి గేటు దగ్గర దింపింది. బట్టల మూట నా చేతికిచ్చి, మళ్ళా వస్తానని పోయింది. ఆ వానాకాలంలోనే కలరా వచ్చి చనిపోయింది. గేటు దగ్గర ఏడుస్తూ నిలబడ్డ నా దగ్గరికి మా ఊరి పిల్లవాడొకడు మగపిల్లల బోర్డింగు నుంచి వచ్చి, "ఏడువకు, నేనున్న గద" అన్నాడు. అతనే లాజరు. ఆ రోజు నుంచి నాకు అన్న. తర్వాత తాపీమేస్త్రీ అయ్యాడు. నాకు పెళ్ళయ్యాక మా ఆయనకు బావమరిది అయ్యాడు. ఇద్దరూ కలిస్తే వాళ్ళ ఎగతాళికి అడ్డూ అదుపూ ఉండేది కాదు.

ముసలితనంలో ఇద్దరికీ ఒకే బాధ వచ్చింది. రాత్రి పదే పదే లేవడం, లేచినా మూత్రం పూర్తిగా రాకపోవడం. బయట ఎవరికీ చెప్పలేదు. అలాంటి చోట జబ్బంటే జనం ఇంకేదో అనుకుంటారని సిగ్గు. వాళ్ళిద్దరి మధ్య మాత్రం దాపరికం లేదు.

"ఏం బావా, నీ నల్లాల నీళ్ళొస్తున్నయా?" అని లాజరన్న సందులోంచే కేకేసేవాడు.

"సన్నగొస్తున్నయి. మున్సిపాలిటోళ్ళకు చెప్పాలె. నీదో?"

"నాది మోటరు పెట్టినా ఎక్కుతలేదు."

ఊరి డాక్టరు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాడు. అందులో పీఎస్‌ఏ అనే అంకె ఇద్దరికీ ఎక్కువే వచ్చింది. ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందో లేదో చూడాలి, హైదరాబాదు పోయి బయాప్సీ చేయించుకోండని రాసిచ్చాడు. మా వాడకట్టులో దాన్ని ముక్క పరీక్ష అంటారు. సూది తగిలితే లేని క్యాన్సర్ కూడా లేచి పాకుతుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అందుకే ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. మా బిడ్డ వినీల కాపురం హైదరాబాదు బాలానగర్‌లో కాబట్టి ముందు మా ఆయన పోవాలి. ఆయన వచ్చి ఎట్లా ఉందో చెప్పాక లాజరన్న పోవాలి.

2010లో ఈస్టర్ దాటాక మా ఆయన పోయాడు. సూదితో ముక్కలు తీశారు. వారం తర్వాత రిపోర్టు చూసి అక్కడి డాక్టరు, "తీసిన ముక్కల్లో ఏమీ లేదు. అయినా రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట బాలానగర్ దాటేదాకా అట్లాగే ఉంది. నర్సాపూర్ వచ్చేసరికి "తీసిన ముక్కల్లో" అనేది జారిపోయింది. మెదక్‌లో బస్సు దిగినప్పుడు మిగిలింది "ఏమీ లేదు" అన్నది మాత్రమే.

ఆ శుక్రవారం మా ఇంట్లోనే కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. దుకాణంలో మిషన్లు గోడకు జరిపి చాపలు పరిచాం. పాటలయ్యాక మా ఆయన లేచి సాక్ష్యం చెప్పాడు. మాలో సాక్ష్యమంటే ఊరికే చెప్పే కబురు కాదు. నలుగురి ముందూ దేవుని పేర చెప్పే మాట, వెనక్కి తీసుకునేది కాదు.

"డాక్టర్లు అనుమానపడ్డరు. దేవుడు సాఫ్ చేసిండు. నా ఒంట్ల క్యాన్సర్ లేదు" అన్నాడు.

అందరూ స్తోత్రం అన్నారు. లాజరన్న అందరికంటే గట్టిగా అన్నాడు.

ఆ వచ్చే సోమవారం లాజరన్న హైదరాబాదు పోవాలి. పొద్దున్నే నేను టిఫిను గిన్నె పట్టుకుని వాళ్ళింటికి పోయాను. అతని భార్య బాలమణి బ్యాగులోంచి బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేస్తోంది.

"పోతలేడంట. నువ్వన్న చెప్పు వదినా" అంది.

"ఏం చెప్తది? బావకూ నాకూ దేవుడొక్కడే గద. ఆయనకు సాఫ్ చేసినోడు నాకు చెయ్యడా?" అన్నాడు లాజరన్న. "నాకు సూదీ వద్దు, గీదీ వద్దు. ఇడ్లీ తెచ్చినవా? గిటియ్యి."

ఆ ఏడు లాజరన్న మస్తుగా ఇళ్ళు కట్టాడు. మా ఆయన మళ్ళీ రక్తపరీక్ష మాట ఎత్తలేదు. నేను ఎత్తితే, "సాక్ష్యం చెప్పినంక మళ్ళ చూపించుకునుడంటే దేవుణ్ణి నమ్మనట్టే" అనేవాడు.

నేను బడిలో చదివింది కొద్దిగా. మిగతాదంతా దుకాణంలో నేర్చుకున్నాను. మా ఆయన పాత పేపర్ల మీద కొలతలు గీసి అచ్చులు కత్తిరిస్తాడు. చంకల దగ్గర, మెడ దగ్గర వాక్యాలు తెగిపోయి ఉంటాయి. వాటిని చదివీ చదివీ నాకు చదువు వచ్చింది. మరుసటి ఏడు వానాకాలంలో ఒక అచ్చు మీద ఆరోగ్యం పేజీ కనిపించింది. "ప్రోస్టేట్ బయాప్సీలో మొదటిసారి ఏమీ తేలకపోయినా" అని ఉంది. అక్కడ చంక వంపు. మిగతా ముక్క ఎప్పుడో చెత్తలో పోయింది.

తేలకపోయినా ఏమిటి? ఆ సగం వాక్యం నన్ను తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. నా పోరు పడలేక మా ఆయన రక్తపరీక్షకు పోయాడు. అంకె మునుపటికంటే చాలా పెరిగింది. హైదరాబాదు డాక్టరు ఈసారి ఎమ్మారై తీయించాడు. ఫిల్మును తెల్లని లైటు మీద పెట్టి, ఒక నల్లని మచ్చ మీద పెన్ను ఆనించాడు.

"పోయినసారి స్కానింగు చూస్తూనే ముక్కలు తీశాం. కానీ స్కానింగులో ఈ మచ్చ కనబడలేదు. గ్రంథి ముందు భాగంలో ఉంది, సూది అక్కడిదాకా పోలేదు. ఈసారి ఈ బొమ్మ పక్కన పెట్టుకుని, సరిగ్గా ఈ మచ్చలోంచే తీస్తాం."

మా ఆయన ఆ మచ్చ మీదికి వంగి చూశాడు. "అంటే అప్పుడు గుడ్డంత కుట్టుకుంట పోయిండ్రు. ఇప్పుడు సుద్దతోని గుర్తు పెట్టి కుడ్తరు" అన్నాడు.

"అట్లాగే అనుకోండి" అన్నాడు డాక్టరు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ఒకే ఒక మాట అన్నాడు. "లాజరుగాడు పోలేదు గద, నా మాట పట్టుకొని."

ఆ రెండో బయాప్సీకే ఈ ప్రయాణం. బ్యాగు జిప్పు లాగుతుండగా లాజరన్న వచ్చాడు. నడుముకు తువ్వాలు బిగించి కట్టి ఉంది.

"ఏం బావా, మళ్ళ పోతున్నవట. పోయినేడు సాఫ్ అంటివి, ఇప్పుడు మైల ఎట్ల పుట్టింది?"

"కూసో. నీతోని పనుంది."

"కూసుంటే లేవస్తలేదు. నడుము పట్టింది. నిలబడే చెప్పు."

"బండిల జాగ ఉన్నది. బట్టలు తెచ్చుకో. ఇద్దరం పోదం."

లాజరన్న నవ్వాడు. "ఇంత వయసుకొచ్చి ఇద్దరం ఒక్కతాన బట్టలిప్పుకునుడా?"

"మజాక్ కాదు లాజరూ. సూది పోని కాడ మచ్చ ఉన్నదన్నరు. అప్పుడు నేను చెప్పింది తప్పయితదేమో."

లాజరన్న ముఖంలో నవ్వు పోయింది. "సాక్ష్యం చెప్పినవ్ బావా. నేను చెవులార విన్న. అది తప్పయితే మరి నేను ఏడాదిగ ఎవలిని నమ్ముకొని ఉన్న? నీ విశ్వాసం గింతేనా?"

సందు మొదట నగేష్ హారన్ కొట్టాడు.

"పోదాం కాకా, జర జల్దీ. పొద్దెక్కితే రోడ్డు మీద కూసుంటరు."

"పోతున్న" అన్నాడు మా ఆయన. ఆ మాట నాకు పడదు. "పోయొస్త అనుండ్రి" అన్నాను. అన్నాడు. లాజరన్న బ్యాగు తనే మోసి బండిలో పెట్టాడు. వంగినప్పుడు పళ్ళు బిగబట్టడం చూశాను. తాపీపని చేసేవాళ్ళకు నడుమునొప్పి మామూలేనని అనుకున్నాను.

నర్సాపూర్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. డప్పులు, పాటలు, గులాబీ జెండాలు. నగేష్ దిగి, "నేను గూడ సమ్మెలున్నోన్నే అన్నా, డిపో మెదక్. పేషెంటు ఉన్నడు" అన్నాడు. మెడలో కండువా వేసుకున్న ఒక నడివయసు ఆమె కిటికీలోంచి తొంగి చూసింది. చేతిలో పులిహోర గరిటె.

"ఏం బీమారి పెద్దాయనా? మంచిగనే కనబడుతున్నవ్ గద."

మా ఆయన నా వైపు చూశాడు. నేను కడుపునొప్పి అని చెప్పబోయాను.

"క్యాన్సర్ ఉన్నదో లేదో చూపించుకుంట పోతున్నమ్మా. ఒంటికి పోయే కాడ" అన్నాడు ఆయన.

ఆమె ఎగతాళి చేయలేదు. "మా నాయన గూడ గట్లనే పాయె. ఎవలకు చెప్పలె" అంది. రెండు ఆకుల్లో పులిహోర పెట్టి లోపలికిచ్చి, జనం వైపు తిరిగి దారి వదలమని చెప్పింది. బండి కదిలాక మా ఆయన, "పరాయి మనిషికి చెప్పుడు ఎంత సులువుగున్నది" అన్నాడు.

దవాఖానలో నన్ను లోపలికి రానివ్వలేదు. ఆయన బయటికొచ్చాక చెప్పాడు. పోయినసారి లాగే పక్కకు తిరిగి మోకాళ్ళు ముడుచుకుని పడుకోమన్నారట. వెనక నుంచి వేలంత గొట్టం పెట్టారట. గోడకు ఎమ్మారై బొమ్మ, ఎదురుగా టీవీలో మబ్బులాంటి బొమ్మ. డాక్టరు ఒకసారి దాన్నీ ఒకసారి దీన్నీ చూస్తూ, సరిగ్గా అక్కడ ఆగి, సూది వదిలాడట.

"టిచ్ బటన్ కొట్టే మిషన్ లెక్క టక్కుమన్నది. అంతే. గీ దానికే లాజరుగాడు ఏడాదిన్నర సంది తప్పించుకుంటుండు."

రెండు రోజులు మూత్రంలో కొంచెం రక్తం పడింది, తగ్గిపోయింది. వినీల ఇంట్లోనే ఉండి రిపోర్టు తీసుకున్నాం. మచ్చలోంచి తీసిన ముక్కల్లో క్యాన్సర్ ఉంది. ఎముకలకు పోలేదు, గ్రంథి దాటలేదు. కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, పోయే అవకాశం బాగా ఉందన్నాడు డాక్టరు. కరెంటు ఎన్ని రోజులు పెట్టాలో నేను అడగబోయాను. మా ఆయన మాత్రం డాక్టరును వేరే సంగతి అడిగాడు.

"సార్, నా లెక్కనే నా బావమరిదికి గూడ ఉన్నది. ఏడాదిన్నర కింద రక్తంల ఎక్కువొచ్చింది. అసలు పరీక్షే చేయించుకోలె. ఇప్పుడు నడుము నొస్తుందంటుండు."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఆయన్ను వెంటనే తీసుకురండి" అన్నాడు.

కరెంటు పెట్టించుకోవడానికి పోయేముందు శుక్రవారం నాడు మా ఆయన మళ్ళీ కూడిక పెట్టమన్నాడు. ఎందుకో నాకూ చెప్పలేదు. దుకాణంలో చాపలు పరిచాను. లాజరన్న గోడకు ఆనుకుని, నడుము వెనక దిండు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన బాలమణి. పాట అయిపోయాక మా ఆయన లేచాడు. చేతిలో సగం కుట్టిన కోటొకటి ఉంది.

"ఇది కచ్చా కుట్టు. తెల్లదారం. ఒంటి మీద వేసి చూసినంక విప్పి, అప్పుడు పక్కా కుడత. కచ్చా కుట్టిన కోటు ఇచ్చి పంపితే నాలుగు అడుగులల్ల ఊడిపోతది." కోటు చేయి పట్టుకుని లాగాడు. భుజం దగ్గర దారం జారి చేయి ఊడి వచ్చింది. "పోయినేడు గీ జాగల నేను చెప్పింది కచ్చా సాక్ష్యం. తీసిన ముక్కలల్ల లేదని డాక్టరు చెప్పిండు. నా ఒంట్లనే లేదని నేను చెప్పిన. దేవుడు అనలేదు, డాక్టరు అనలేదు. నేనన్న. క్యాన్సర్ ఉన్నది. సూది పోని కాడ ఉన్నది. నా మాట వట్టుకొని ఎవలన్న ఆగితే, ఆగకుండ్రి."

ఎవరూ స్తోత్రం అనలేదు. ఎవరో ముసలాయన దగ్గి, తొందరగా ఇంకో పాట ఎత్తుకున్నాడు. ఆ పాట మధ్యలో లాజరన్న గోడ పట్టుకుని లేచి బయటికి పోయాడు. మా ఆయన వెనకే పోయాడు. నేను గుమ్మం దాకా పోయి నిలబడ్డాను.

"నలుగురిల నా ఇజ్జత్ తీసినవ్" అంటున్నాడు లాజరన్న.

"నీది కాదు, నాది తీసుకున్న. రేపు నాతోని రా."

"నీకు దొరికితే నాకు గూడ ఉండాలెనా? నాది మేస్త్రీ నడుము. తట్టలు మోసి మోసి అరిగిన నడుము."

"చూపించుకుంటే తెలుస్తది గద."

"నువ్వు పో. నువ్వు మంచిగై రా, అప్పుడు చూద్దం" అని చీకట్లోకి నడిచాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు.

మేము బాలానగర్‌లో ఉన్నన్నాళ్ళూ మా ఆయన రోజూ ఫోను చేసేవాడు. లాజరన్న ఎత్తేవాడు కాదు. బాలమణి ఎత్తి, నూనె రాస్తున్నానని, పట్టీ వేశానని చెప్పేది. డిసెంబరులో, క్రిస్మస్‌కు ముందు, తిరిగి వచ్చాం. మా ఆయనకు నీరసం తప్ప ఇంకేమీ లేదు. వచ్చిన మరునాడే దుకాణం తెరిచి, ఆ ఊడిన కోటు తీశాడు. అది లాజరన్నదే. ఏటా క్రిస్మస్‌కు బావమరిదికి ఏదో ఒకటి కుట్టివ్వడం ఆయనకు అలవాటు. పాత కొలతలతో మళ్ళీ కచ్చా కుట్టి, ట్రయల్‌కు రమ్మని కబురు పంపాడు.

రాడనుకున్నాను. కర్ర పట్టుకుని వచ్చాడు. అలిగినవాడు కూడా కొత్త బట్ట ట్రయల్‌కు వస్తాడని మా ఆయన లెక్క.

కోటు తొడిగాడు. భుజాలు కిందికి జారాయి. ఛాతీ దగ్గర గుడ్డ సంచిలా వేలాడింది. మా ఆయన సుద్ద చేతిలో పట్టుకుని ముందుకు వచ్చాడు. పక్కన పట్టి చూశాడు, వెనక పట్టి చూశాడు. ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియక చేయి ఆగిపోయింది. అద్దంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కొలత తప్పు తీసినవ్ బావా" అన్నాడు లాజరన్న మెల్లగా.

"పోయినేడుదే. నీ ఒంటి మీదనే తీసిన."

లాజరన్న మిషను పక్క స్టూలు మీద కూర్చున్నాడు. కోటు విప్పలేదు. "కాళ్ళు మొద్దుబారుతున్నయి. గోడ మీదికి ఎక్కి నెల దాటింది. బాలమణికి చెప్పలె" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "చెల్లె, బ్యాగు ఖాళీగున్నదా?" అని అడిగాడు.

ఆ బ్యాగును మా ఆయనే సర్దాడు. నేను సర్దలేకపోయాను. కోటు కూడా పెట్టమన్నాడు లాజరన్న. వచ్చేటప్పటికి ఒళ్ళు పట్టుకుంటే అప్పుడు పక్కా చేద్దువులే అన్నాడు. నగేష్ ఈసారి బస్సు డ్యూటీకి సెలవు పెట్టి మళ్ళీ టవేరా తెచ్చాడు. వెనక సీట్లో దిండ్లు పరిచి పడుకోబెట్టాం. బాలమణి పక్కన కూర్చుంది.

"కాకా, అక్కడ డాక్టరు గోడ కట్టుమంటే కట్టేటట్టున్నవ్. జర మెత్తగుండు" అన్నాడు నగేష్, నవ్విద్దామని.

"కూలి మాట్లాడుకోకుంట కడతనారా" అన్నాడు లాజరన్న.

నేను కిటికీ పట్టుకుని నిలబడ్డాను. ఎంత ఆపుకున్నా కళ్ళు ఆగలేదు.

"ఏడువకు. వస్త గద" అన్నాడు.

లాజరన్నకు సూది వేసే ముందే, బొమ్మలు తీయగానే తేలిపోయింది. క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. ఇంజక్షన్లు ఇచ్చారు, నడుముకు కరెంటు పెట్టారు. మా ఆయన తన చెకప్‌కు పోయిన ప్రతిసారీ ఆ వార్డులో కూర్చుని వచ్చేవాడు. నల్లా సంగతి అడిగితే, ఇప్పుడు పైపు వేశారు, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళు వస్తున్నాయి అన్నాడట లాజరన్న.

మా ఆయన బతికే ఉన్నాడు. ఇప్పటికీ రక్తపరీక్ష చేయించుకుంటాడు, అంకె తక్కువగానే ఉంది. కూడికల్లో పాటలు పాడతాడు. సాక్ష్యం చెప్పమంటే లేవడు.

బ్యాగును బాలమణి తెచ్చి ఇచ్చింది. లోపల కోటు ఉంది, తెల్లదారంతోనే. లాజరన్న తిరిగి రాలేదు. అతను చనిపోయింది 2012 ఫిబ్రవరి 20, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలయ్యే ముందటి సోమవారం.